ఆదివారం ఆదాయం, మంగళవారం లెక్క

విడిపోయిన తల్లిదండ్రుల్లో బిడ్డ ఖర్చు ఎవరెంత భరించాలి? ఆ అంకె కోర్టులో ఎలా పుడుతుంది?

అరసవల్లి ఆటోలకు ఆదివారం పండగ. ఆ రోజు సూర్యనారాయణస్వామి వారం. ఆమదాలవలసలో రైలు దిగినవాళ్లు, శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు దిగినవాళ్లు చీకటితోనే గుడికి బయల్దేరతారు. పుష్కరిణిలో స్నానం, తలనీలాలు, క్యూ లైను, ప్రసాదం. మధ్యాహ్నం దాకా ఆటో ఖాళీగా నిలబడదు. మాఘమాసం ఆదివారాలైతే మరీను. రథసప్తమి సంగతి చెప్పనే అక్కర్లేదు. మంగళవారం మధ్యాహ్నానికి అదే ఆటో చెట్టు నీడన ఉంటుంది, డ్రైవరు వెనక సీట్లో కునుకు తీస్తూ ఉంటాడు.

ఆ డ్రైవరూ భార్యా విడిపోయారనుకుందాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, లెక్క అర్థం కావడానికి అల్లుకున్న ఉదాహరణ. ఎనిమిదేళ్ల పాప తల్లి దగ్గర ఉంది. తల్లి మనోవర్తి కేసు వేసింది. తండ్రి మంగళవారం లెక్క చెబుతాడు: "నాకేటి మిగుల్తాదండీ, గ్యాసు, ఫైనాన్సు పోను రోజుకి రెండొందలు." తల్లి ఆదివారం లెక్క చెబుతుంది: "రోజుకి రెండు వేలకి తక్కువ రావండి." ఇద్దరూ పూర్తిగా అబద్ధమాడటం లేదు, పూర్తిగా నిజమూ చెప్పడం లేదు. ఈ రెండు అంకెల నడుమ పాప నెల ఖర్చులో తండ్రి వాటా ఎంతో న్యాయమూర్తి తేల్చాలి.

తేల్చడానికి ఆయన చేతిలో సూత్రమంటూ ఏదీ లేదు. మన చట్టాల్లో బిడ్డ భరణానికి పట్టిక లేదు, శాతం లేదు, ఇంతకు తగ్గకూడదన్న కనీస మొత్తమూ లేదు. 'సహేతుకమైన మొత్తం' అన్న భావం ఒక్కటే ఉంది. ఏది సహేతుకమో ఎదుట పెట్టిన కాగితాలను బట్టి తేలుతుంది. కాగితం ఉన్నవాడి బిడ్డకు ఒక న్యాయం, కాగితం లేనివాడి బిడ్డకు ఇంకో న్యాయం జరిగే ప్రమాదం అక్కడే ఉంది. ఈ కథనమంతా ఆ కాగితాల గురించే.

యాభై రూపాయల నుంచి

కోర్టు ఆవరణలో జనం ఇప్పటికీ 'వన్ ట్వంటీఫైవ్ కేసు' అనే అంటారు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 125వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, సెక్షన్ నంబరు 144 అయింది. పెళ్లి చెల్లినా చెల్లకపోయినా, ఏ మతంలో పుట్టినా, తనను తాను పోషించుకోలేని బిడ్డను పోషించడం స్తోమత ఉన్న తండ్రి బాధ్యత అని దాని సారం. ముస్లిం తండ్రికీ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో తేల్చింది.

ఈ సెక్షన్‌కి ముత్తాత 1898 కోడ్‌లోని 488. అప్పట్లో నెలకు 50 రూపాయలకు మించి ఇప్పించే వీలు లేదు. తర్వాత అది వందయింది, 1955లో 500 అయింది. అక్కడే ఆగిపోయింది. 1973లో కొత్త కోడ్ రాసినవాళ్లూ ఆ 500 జోలికి పోలేదు. పైగా 'మొత్తం మీద 500' అని ఉండటంతో, తల్లికీ పిల్లలకీ అందరికీ కలిపి అంతేనని భర్తల తరఫున వాదించారు. 1978లో కెప్టెన్ రమేశ్ చందర్ కౌశల్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వాదనను పక్కన పెట్టారు. ఒక్కో మనిషికి తిండి, బట్ట, వైద్యం లాంటివన్నీ కలిపి 500 అని అర్థం చేసుకోవాలి తప్ప ఇంటిల్లిపాదికీ కలిపి కాదన్నారు. ఆ తీర్పు లేకపోతే ముగ్గురు పిల్లల తల్లి వాటా ఎంతయ్యేదో ఎవరికి వారు లెక్కేసుకోవచ్చు. చివరికి 2001 సవరణతో ఆ పరిమితి పూర్తిగా తొలగింది. అప్పటికి 1955 నాటి అంకెకు నలభై ఆరేళ్లు నిండాయి.

పరిమితి పోవడం మంచిదే. కానీ దాని చోటులో వేరే కొలమానం ఏదీ పెట్టలేదు.

నాలుగో వంతు అనే నమ్మకం

'జీతంలో పావు వంతు ఇవ్వాలంట' అన్న మాట శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా వినిపిస్తుంది. ఇది గాల్లోంచి పుట్టిన మాట కాదు. 2017లో కల్యాణ్ డే చౌదరి కేసులో, భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు భరణంగా ఇవ్వడం సబబుగా ఉంటుందని సుప్రీంకోర్టు అంది. 1970 నాటి కులభూషణ్ కేసును ఆధారంగా చూపింది. అప్పటి నుంచి వకీళ్లు, వాట్సాప్ పండితులు, పెద్దమనుషులు దాన్నే పట్టుకున్నారు.

ఆ తీర్పు చివరిదాకా చదివితే కథ కాస్త మారుతుంది. ఆ భర్త నికర జీతం 95,527 రూపాయలు. హైకోర్టు 23,000 ఇవ్వమంది. సుప్రీంకోర్టు దాన్ని 20,000కు తగ్గించింది, అదీ భార్యకూ కొడుక్కూ కలిపి. పావు వంతు లెక్కలో దాదాపు 24,000 రావాలి. ఇచ్చింది 21 శాతం దగ్గర ఆగింది. ఎందుకంటే అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆ పెళ్లిలో ఒక బిడ్డ పుట్టింది. అంటే పావు వంతును సూత్రంగా చెప్పిన తీర్పే పావు వంతును పాటించలేదు. ఒక న్యాయమూర్తి ఒక కుటుంబం కోసం వేసిన అంచనాను ఊరందరికీ ధర్మంగా మార్చేశాం.

ఢిల్లీ హైకోర్టులో 2004లో వచ్చిన అనురీత వోహ్రా తీర్పు ఇంకో దారి చూపింది. కుటుంబంలోకి వచ్చే ఆదాయమంతా అందరిదీ. సంపాదించే మనిషికి సంపాదనకయ్యే ఖర్చులుంటాయి కాబట్టి రెండు వాటాలు, మిగిలిన ప్రతి ఒక్కరికీ ఒక్కో వాటా. మన రాష్ట్రంలో కోర్టులు దీనికి కట్టుబడి ఉండాలని ఏమీ లేదు. అయినా ఇంట్లో కూర్చుని ఒక అంచనాకు రావడానికి ఇది పనికొచ్చే పద్ధతి.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో ఒకదానిలో పనిచేసే తండ్రిని ఊహించుకుందాం. మొత్తం జీతం 62,000. తప్పనిసరి పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే 60,000. భార్య, ఇద్దరు పిల్లలు. వాటాలు ఐదు, ఒక్కోటి 12,000. తల్లీ పిల్లలకు కలిపి 36,000. తండ్రి మీద ఆధారపడ్డ ముసలి తల్లి ఉంటే వాటాలు ఆరవుతాయి, ఒక్కోటి 10,000, విడిగా ఉన్న ముగ్గురికీ కలిపి 30,000. ఇదే ఇంటికి పావు వంతు లెక్క వేస్తే 15,000. ఒకే జీతం, ఒకే కుటుంబం. పద్ధతి మారితే పిల్లల చేతికొచ్చేది సగానికి సగం మారిపోతుంది. సూత్రం లేకపోవడమంటే ఇదే.

జీతం చీటీలో దాగేది

ఆ తండ్రి మాత్రం కోర్టులో 60,000 అని చెప్పడు. చీటీ చివర్లో ఉన్న 33,000 చూపిస్తాడు. మధ్యలో పర్సనల్ లోను వాయిదా 18,000, ఉద్యోగుల సొసైటీ అప్పు 9,000 కట్ అవుతున్నాయి. చేతికొచ్చేదే ఇంతైతే ఇంకేమిస్తానంటాడు. అతని వైపు నుంచి చూస్తే అందులో మోసం లేకపోవచ్చు. నెల గడవడం నిజంగానే కష్టంగా ఉండొచ్చు.

కోర్టులు చాలాకాలంగా ఒక గీత గీస్తున్నాయి. చట్టం బలవంతంగా కోసేవి, అంటే ఆదాయపు పన్ను, వృత్తి పన్ను, తప్పనిసరి పీఎఫ్ లాంటివి తీసేసి లెక్క మొదలుపెట్టాలి. మనిషి తన ఇష్టంతో ఎత్తుకున్న అప్పు, వేసిన చిట్టీ, కట్టే బీమా బిడ్డ కంటే ముందు వరసలో నిలబడలేవు. కేసు పడ్డాక ఉన్నట్టుండి పెరిగే స్వచ్ఛంద పీఎఫ్, కేసు పడ్డ నెలలోనే తీసిన లోను గురించి వకీళ్ల దగ్గర కథలకు కొదవ లేదు. అందుకే కేసు వేసిన నాటి చీటీ ఒక్కటే కాకుండా అంతకు ముందు ఏడాది చీటీలు, ఫారం 16 కూడా అడగాలి.

ఆదాయం దాచడాన్ని కోర్టులు ఎంత మామూలు సంగతిగా చూస్తాయో 1997 నాటి జస్బీర్ కౌర్ సెహగల్ తీర్పు చదివితే తెలుస్తుంది. ఒకరు ఎక్కువ చేసి చెబుతారు, ఇంకొకరు తక్కువ చేసి చెబుతారు, కాబట్టి ఈ కేసుల్లో కొంత ఊహకు తావివ్వక తప్పదని సుప్రీంకోర్టే ఒప్పుకుంది. ఆ నిజాయతీ నాకు నచ్చుతుంది. కానీ న్యాయమూర్తి ఊహ ఎప్పుడూ జాగ్రత్తగానే ఉంటుంది, జాగ్రత్తగా ఊహిస్తే అంకె తగ్గుతుంది. ఆ తగ్గుదల పడేది బిడ్డ మీద.

చీటీ లేనివాళ్లు

శ్రీకాకుళం జిల్లాలో జీతం చీటీ ఉన్న తండ్రులు ఎంతమంది? పలాసలో జీడిపప్పు బట్టీల పని, ఉద్దానంలో కొబ్బరితోట, విశాఖలో తాపీపని, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొలువు, గుజరాత్‌లోని వెరావల్ రేవులో చేపల బోటు. బోటు మీదకెళ్లే మనిషి ఏడాదిలో ఎక్కువ నెలలు ఊళ్లోనే ఉండడు, డబ్బు నెలనెలా రాదు. ఇలాంటి ఇళ్లలో 'నెలకు ఎంత' అన్న ప్రశ్నే సరిగ్గా అతకదు.

దీనికి కాస్త దగ్గరగా వచ్చిన తీర్పు రజనీశ్ వర్సెస్ నేహా. 2020 నవంబరు 4న జస్టిస్ ఇందు మల్హోత్రా, తెలుగువారైన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఇచ్చారు. నాగ్‌పుర్ ఫ్యామిలీ కోర్టులో మొదలైన ఆ కేసులో తల్లికి 15,000, బాబుకు మొదట 5,000, తర్వాత 10,000 మధ్యంతర భరణంగా ఇమ్మన్నారు. 2013లో వేసిన పిటిషను, 2020 దాకా మధ్యంతర భరణం మీదే నడిచింది. ఆ ఆలస్యం చూసే కాబోలు, న్యాయమూర్తులు ఆ ఒక్క కేసుతో ఆగకుండా దేశమంతటికీ పద్ధతి రాశారు. భరణం అడిగేవాళ్లు, ఇవ్వాల్సినవాళ్లు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. జవాబు నాలుగు వారాల్లో దాఖలు చేయాలి. మధ్యంతర భరణం వీలైనంత వరకు నాలుగు నుంచి ఆరు నెలల్లో తేల్చాలి. తప్పుడు వివరాలిస్తే ప్రాసిక్యూషన్ ఎదుర్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, భరణం ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కాకుండా దరఖాస్తు వేసిన రోజు నుంచి లెక్కకు రావాలి.

ఆ తీర్పు చివర అఫిడవిట్ నమూనాలు మూడున్నాయి. పట్నం ఉద్యోగులు, వ్యాపారులకు మొదటిది. మేఘాలయ రాష్ట్రానికి మూడోది. మన జిల్లాకు కావాల్సింది రెండోది, వ్యవసాయ కుటుంబాల కోసం రాసినది. భూమి ఎంత, పల్లమా మెట్టా, ఏ పంటలు, గత మూడేళ్లలో ఎంత వచ్చింది, కౌలుకు తీసుకున్నారా, గేదెలు, ఆవులు, మేకలు, కోళ్లు ఎన్ని, చేపల పెంపకం ఉందా, భూమి మీద అప్పెంత అని వరసగా అడుగుతుంది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, వాకిట్లో నాలుగు గేదెలున్న తండ్రి 'నాకు ఆదాయం లేదు' అని రాస్తే, పాల కేంద్రం పుస్తకం అడిగే హక్కు ఈ నమూనా వల్ల తల్లికి దొరికింది. మూడేళ్ల తర్వాత 2023 నవంబరులో అదితి కేసులో, ఈ పద్ధతిని కింది కోర్టులు సరిగ్గా పాటించడం లేదని సుప్రీంకోర్టు మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది. కాబట్టి కోర్టు అడుగుతుందని కూర్చోకుండా అవతలి పక్షం అఫిడవిట్ కోసం మనమే పట్టుబట్టాలి.

అరసవల్లి ఆటో దగ్గరకు వస్తే, అతనికి చీటీ లేదు గానీ అద్దానికి క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. ఫోన్‌పేలో పడే ప్రతి నలభై రూపాయలకూ బ్యాంకులో ఒక గీత ఉంటుంది. ఆరు నెలల స్టేట్‌మెంటు తెప్పిస్తే ఆదివారాలూ మంగళవారాలూ రెండూ అందులో ఉంటాయి, సగటు దానంతటదే తేలుతుంది. చేతిలో పడే నగదు దానికి అదనం. ఆటో ఫైనాన్సు వాయిదా అతని బతుకుతెరువు పనిముట్టు ఖర్చు కాబట్టి, జీతగాడి పర్సనల్ లోను గాటన కట్టకూడదని నా అభిప్రాయం. గ్యాసు, రిపేరు, వాయిదా పోను మిగిలిందే అతని ఆదాయం.

ఏ కాగితమూ దొరక్కపోతే? ఒళ్లు బాగున్న మనిషి కష్టపడి సంపాదించగలడనే కోర్టు మొదలుపెడుతుంది. ఆ పనికి ఉన్న కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకోవడం పరిపాటి. 2022లో అంజు గార్గ్ కేసులో వ్యాపారం మూతపడిందన్న భర్తతో సుప్రీంకోర్టు, కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందే అంది. అక్కడ కొడుకు భరణం నెలకు 6,000.

తల్లి నోటుపుస్తకం

తండ్రి ఆదాయం మీద పోట్లాడటంలో పడి చాలా పిటిషన్లు బిడ్డ ఖర్చును ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి: 'పిల్లల పోషణకు నెలకు పదివేలు అవసరం.' ఎందుకు పదివేలో ఉండదు. నిజానికి లెక్క మొదలవ్వాల్సింది ఇక్కడి నుంచే.

ఎనిమిదేళ్ల పాపకు శ్రీకాకుళంలో ఒక మామూలు ప్రైవేటు బడి అనుకుందాం. ఫీజు, పుస్తకాలు, యూనిఫారం కలిపి ఏడాదికి 36,000, అంటే నెలకు 3,000. వ్యాను 800. ట్యూషను 700. పాలు, గుడ్డు, తిండి 3,000. మందులు 500. బట్టలు, చెప్పులు 400. తల్లి ఇంటి అద్దెలో పాప వాటా 2,400. కలిపితే 10,800. ఈ అంకెలు ఊహించినవే. ఎవరి ఇంటివి వారు వేసుకోవచ్చు. కానీ ప్రతి వరసకూ ఒక రసీదు ఉంటే ఆ పదివేలకు కోర్టులో బరువొస్తుంది. అద్దెలో వాటాను చాలామంది మర్చిపోతారు. పిల్లకు వేరే గది లేకపోయినా ఆమె కోసమే కాస్త పెద్ద ఇల్లు తీసుకున్న సంగతి రాయరు. రజనీశ్ తీర్పు బిడ్డ జీవన ఖర్చులో తిండి, బట్ట, నివాసం, వైద్యం, చదువు అన్నిటినీ చేర్చింది. ట్యూషను లాంటి అదనపు శిక్షణనూ లెక్కలోకి తీసుకోమంది, విపరీతంగా కాకుండా.

ఇప్పుడు పంపకం. తల్లి కూడా సంపాదిస్తుంటే? 2000లో పద్మజా శర్మ కేసులో ఇద్దరూ ఉద్యోగులే. తండ్రి జీతం తల్లి జీతానికి రెట్టింపు దగ్గర ఉంది. ఒక్కో బిడ్డకు నెలకు 3,000 చాలునని తేల్చి, దాన్ని 2:1 నిష్పత్తిలో ఇద్దరూ భరించాలంది సుప్రీంకోర్టు. అదే నిష్పత్తి మన పాపకు వేస్తే, తండ్రి నికరంగా 24,000, తల్లి బట్టల షాపులో 12,000 సంపాదిస్తుంటే, తండ్రి వంతు 7,200, తల్లి వంతు 3,600. నాకు తెలిసిన లెక్కల్లో పెద్దగా వాదన లేకుండా ఇద్దరికీ అర్థమయ్యే లెక్క ఇదే.

కానీ ఇందులో ఒక వరస లేదు. పాపకు జ్వరమొస్తే షాపు మానేసి జీతం పోగొట్టుకునేది ఎవరు? పొద్దున జడ వేసేది, హోంవర్కు చేయించేది, రాత్రి లేచి నీళ్లిచ్చేది ఎవరు? తల్లి 3,600 నగదు ఇచ్చి, పైన ఈ పనంతా ఊరికే చేస్తోంది. నిష్పత్తి ప్రకారం చూస్తే ఆమె ఇచ్చేది మూడో వంతు. ఇంటి లోపల చూస్తే అంతకన్నా చాలా ఎక్కువ. న్యాయమూర్తులు తలచుకుంటే దీన్ని లెక్కలోకి తీసుకోవచ్చు, అడ్డేమీ లేదు. పిటిషన్లో ఎవరూ రాయకపోవడమే అడ్డు.

ఇంకో వాదన ఈ మధ్య వినిపిస్తోంది. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద తల్లుల ఖాతాల్లో ఒక్కో బిడ్డకు 13,000 పడ్డాయి కదా, ఫీజు దాంతో కట్టుకోవచ్చు కదా అని. ప్రభుత్వం బడికి పంపమని ఇచ్చే డబ్బు తండ్రి బాధ్యతకు బదులు ఎలా అవుతుంది? అలా అయితే రేషన్ బియ్యం కూడా తీసేసి లెక్క కట్టాలి.

స్టాంపు పేపరు తగవు

కోర్టు దాకా వెళ్లేవి కొన్నే. చాలావాటిని ఊళ్లో పెద్దమనుషులే తెంచుతారు. రచ్చబండ దగ్గరో, కులపెద్ద ఇంటి అరుగు మీదో కూర్చుని, 'అమ్మాయికి లక్షన్నర, గుంటకి ఏబై వేలు, ఇంతటితో ఒకరికొకరు సంబంధం లేదు' అని స్టాంపు పేపరు మీద రాయించి సంతకాలు తీసుకుంటారు. తగవు తెగింది కదా అని అందరూ లేస్తారు. గుంటకి అప్పుడు రెండేళ్లు. ఆ ఏబై వేలు ఆమె పద్దెనిమిదో ఏడు దాకా పంచితే నెలకు 260 రూపాయలు.

ఆ కాగితం మీద బిడ్డ సంతకం లేదు, ఉండదు కూడా. బిడ్డ హక్కును తల్లి వదులుకున్నానని రాసినా అది బిడ్డను కట్టేయదు. భార్య విషయంలో కూడా సుప్రీంకోర్టు 2013లో నాగేంద్రప్ప కేసులో, 125 కింద 8,000 రూపాయలు తీసుకుని రాజీ పడ్డామన్నంత మాత్రాన హిందూ దత్తత, భరణ చట్టం కింద మళ్లీ అడగడానికి అడ్డు కాదంది. ఆ 1956 చట్టంలోని 20వ సెక్షన్ బిడ్డ పోషణను తండ్రితో పాటు తల్లి మీదా పెట్టింది. పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే మేజరయ్యాక కూడా అడగవచ్చు. 2020లో అభిలాష కేసులో ఈ తేడా స్పష్టమైంది. 125 కింద పద్దెనిమిది దాటిన కూతురికి దారి మూసుకున్నా, 1956 చట్టం కింద తెరిచే ఉంటుంది.

కొడుకుల సంగతి అంత స్పష్టంగా లేదు. 2021లో చంద్రశేఖర్ వర్సెస్ స్వప్నిల్‌లో సుప్రీంకోర్టు పద్దెనిమిది దగ్గర ఆపకుండా మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా కొడుకును పోషించమంది. నెలకు 10,000, ఏటా వెయ్యి పెంపు. ఇంటర్ రెండో ఏడాది మధ్యలో పద్దెనిమిదో పుట్టినరోజు వచ్చే పిల్లలకు ఇది పెద్ద మాట.

భార్య మీద ఆరోపణలు రుజువైతే ఆమె భరణం పోవచ్చు. బిడ్డది పోదు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నా కన్నతండ్రి బాధ్యత అలాగే ఉంటుంది. పిల్లను చూపించడం లేదని డబ్బు ఆపడం, డబ్బు ఇవ్వలేదని పిల్లను చూపించకపోవడం రెండూ తప్పే. చూసే హక్కుకు వేరే దరఖాస్తు ఉంది.

డాలస్‌లో అయితే

ఇదే జిల్లా నుంచి వెళ్లి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న జంట విడిపోతే, భరణం ఎంతో ఇద్దరికీ మొదటి రోజే దాదాపుగా తెలిసిపోతుంది. టెక్సస్ చట్టం భరణం ఇవ్వాల్సినవారి నికర ఆదాయంలో ఒక బిడ్డకు 20 శాతం, ఇద్దరికి 25, ముగ్గురికి 30 అని పట్టిక పెట్టింది. 2025 సెప్టెంబరు నుంచి నెలకు 11,700 డాలర్ల ఆదాయం వరకు ఈ శాతాలు వర్తిస్తాయి. నికరంగా 5,000 డాలర్లొస్తే ఒక బిడ్డకు వెయ్యి. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు తల్లిదండ్రులిద్దరి ఆదాయం కలిపి, బిడ్డ ఖర్చును నిష్పత్తిలో పంచుతాయి, పద్మజా శర్మ తీర్పులో మన కోర్టు చేసినట్టే. 1988 నాటి చట్టం ప్రకారం అక్కడ పట్టికలో వచ్చిన అంకెనే సరైనదిగా భావించాలి, కాదనే న్యాయమూర్తి కారణం రాయాలి. బ్రిటన్‌లో వారానికి 200 నుంచి 800 పౌండ్ల మొత్తం ఆదాయం మీద ఒక బిడ్డకు 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు అంతకు మించితే 19. బిడ్డ ఏడాదిలో 52 రాత్రులైనా తండ్రి ఇంట్లో పడుకుంటే ఏడో వంతు తగ్గుతుంది. రాత్రులు లెక్కపెట్టడం మనకు వింతగా అనిపించవచ్చు. కానీ బిడ్డ ఎవరి దగ్గర ఎంత ఉంటోందన్నదీ డబ్బేనని వాళ్లు గుర్తించారు.

పట్టికలకు లోపాలు లేకపోలేదు. ఆదాయం దాచేవాడు అక్కడా దాస్తాడు. ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు శాతం సరిపోదు. అయినా మనకూ ఒక పట్టిక ఉండాలని నా పక్షం. శాసనంగా కాకపోయినా ఆరంభ బిందువుగా. కనీస వేతనం సంపాదించే తండ్రి నుంచి ఒక బిడ్డకు ఇంతకు తగ్గకూడదని ఒక వరస ఉంటే చాలు, మంగళవారం లెక్క చెప్పే తండ్రితో సగం వాదన అక్కడే తీరుతుంది. న్యాయమూర్తి దాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు, కారణం రాసి.

ఇంకో చిక్కు. భరణం ఉత్తర్వును దేశాల మధ్య అమలు చేయించే 2007 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. శ్రీకాకుళం కోర్టు ఉత్తర్వును డాలస్‌లో జీతం నుంచి కోయించడం తల్లికి తేలిక కాదు. తండ్రికి ఇక్కడ ఆస్తి ఉంటే దాని మీదకు వెళ్లడమే దగ్గరి దారి.

ఉత్తర్వు చేతికొచ్చాక

కేసు వేయడానికి భర్త ఊరికి వెళ్లక్కర్లేదు, తల్లీ బిడ్డా ఉంటున్న చోటే వేయవచ్చు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు ముందు. గృహహింస చట్టం కింద కూడా అడగవచ్చు. అయితే ఒక కేసులో వచ్చింది ఇంకో కేసులో చెప్పాలి, రెండోది ఆ మేరకు సర్దుతారు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇచ్చే బాధ్యత జిల్లా న్యాయ సేవాధికార సంస్థది. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు.

మూడేళ్ల బిడ్డకు వేసిన 3,000 పదమూడేళ్లకు దానంతటది పెరగదు. పెంచమని మళ్లీ దరఖాస్తు వేయాలి, కొత్త సంహితలో దానికి 146వ సెక్షన్. మొదటి ఉత్తర్వులోనే పెంపు రాయించుకోవడం మేలు. స్వప్నిల్ కేసులో ఏటా వెయ్యి, 2025 మేలో రాఖీ సాధుఖాన్ కేసులో భార్య భరణానికి రెండేళ్లకోసారి 5 శాతం. అడిగితే ఇచ్చిన ఉదాహరణలు ఉన్నాయి.

తండ్రి ఇవ్వకపోతే బాకీ పడ్డ ఒక్కో నెలకూ ఒక నెల దాకా జైలు వేయవచ్చు. జైలుకెళ్లొస్తే బాకీ తీరినట్టు కాదని 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఊళ్లో 'లోపలికెళ్లొచ్చేశాడు కదా, ఇంకేటి' అనేవాళ్లున్నారు. ఉద్యోగి అయితే జైలు కన్నా జీతం జప్తు పనికొస్తుంది. మామూలు అప్పుకు జీతంలో పెద్ద భాగాన్ని ముట్టుకోనివ్వని సివిల్ ప్రొసీజర్ కోడ్, భరణం డిక్రీ అయితే మూడో వంతు మాత్రం అతనికి వదిలి మిగతాది జప్తుకు ఒప్పుకుంటుంది.

బాకీ వసూలుకు గడువు ఒకటుంది. ప్రతి నెల మొత్తమూ కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు వేయాలి. 'ఈ సంక్రాంతికి ఇస్తానన్నాడు, రథసప్తమికి ఇస్తానన్నాడు' అని మాట మీద ఊరుకున్న తల్లులు పదమూడో నెలలో కోర్టుకొస్తే, మొదటి నెల బాకీ మీద వారెంటు అడిగే అవకాశం అప్పటికే పోయి ఉంటుంది.